తన్నుడు కాదన్నా, నూకుడు

రెండేళ్ళుగా గోడ దిగని తుపాకిని, మా కొట్టుకొచ్చే వాళ్ళందరిలోకీ చిన్న మనిషికి, ముందు యాభై డాలర్లు పెంచి తరవాత ఆ యాభయ్యే తగ్గించి అమ్మిన ఘనత నాది. అది 2023 జూన్, ఆస్ట్రేలియాలో చలికాలం మొదలవుతున్న రోజులు. న్యూ సౌత్ వేల్స్‌లో డబ్బో పట్నం దాటి ఇంకో గంట లోపలికి పోతే వచ్చే చిన్న ఊళ్ళో, పశువుల దాణా కొట్టుకీ బేకరీకీ మధ్యన మా గన్ షాపు. ఆ సాయంత్రం తలుపు తాళం వేస్తూ, మా నాన్న చూసి ఉంటే మీసం దువ్వేవాడనుకున్నాను.

మా నాన్నది నరసరావుపేటలో స్టీలు సామాన్ల కొట్టు. పలక పట్టకముందే నేను తక్కెడ పట్టాను. సిడ్నీకి అకౌంటింగ్ చదవడానికొచ్చి, పర్మనెంట్ రెసిడెన్సీ పాయింట్ల కోసం పల్లెపట్టున ఉద్యోగం వెతుక్కుంటే, ఈ కొట్టు ముసలి యజమాని లెక్కలు రాయడానికి పెట్టుకున్నాడు. ఆయన దగ్గరే కర్రపని, మరమ్మతు పని నేర్చుకున్నాను. ఆయన రిటైరైనప్పుడు కొట్టు నేనే కొన్నాను, అది కూడా మూడు నెలలు బేరమాడి. తుపాకుల కొట్టంటే మనవాళ్ళు కాస్త వెనక్కి జరుగుతారు. అందుకని సిడ్నీ పెండిల్ హిల్‌లో పెళ్ళి భోజనాల దగ్గర ఎవరైనా "ఏం చేస్తుంటారండీ" అంటే "హార్డ్‌వేరు" అంటాను. చుట్టూ సాఫ్ట్‌వేరు వాళ్ళే కాబట్టి ఇదీ అలాంటిదేననుకుని వదిలేస్తారు.

నిజానికి నా గిరాకీలంతా రైతులు. ఇక్కడ రైతుకి రైఫిలు పలుగూ పారా లాంటి పనిముట్టు. లైసెన్సు ఉండాలి, ఇనప బీరువాలో దాచాలి, కొనే ప్రతి రైఫిలుకీ విడిగా అనుమతి కాగితం తెచ్చుకోవాలి. అడవి పందులు గుంపులుగా వచ్చి పంట దున్నేస్తాయి. గొర్రెలూ మేకలూ ఈనే రోజుల్లో అయితే అప్పుడే పుట్టి ఇంకా కాళ్ళమీద నిలబడని పిల్లల్ని తినేస్తాయి.

శైలజ వచ్చింది ఆ పందుల కోసమే. వాళ్ళది జనగామ వైపు. మొగుడూ పెళ్ళాలిద్దరూ సిడ్నీ పక్క పారమటాలో ఐటీ ఉద్యోగాలు చేస్తూ, పెండిల్ హిల్ కొట్లో మేక మాంసం ధర చూసి లెక్కలేసుకుని, ఆ ధర మనకే రావాలి గదా అని మా ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో పొలం కొన్న జంట. తుపాకి పని మొగుడు రమేష్ చూసుకునేవాడు. ఆ ఏడు అతను నాలుగు చక్రాల పొలం బైకు మీదినుంచి పడి కుడి భుజానికి ఆపరేషన్ చేయించుకున్నాడు. చలికాలమంతా ఆ చెయ్యి ఎత్తకూడదన్నారు. మేకలు ఆగస్టులో ఈనబోతున్నాయి. అంతకుముందు ఏడాదే మొగుడితో పాటు తనూ లైసెన్సు తీసుకుంది గనక, శైలజ అనుమతి కాగితం కూడా తెచ్చుకుని నా కౌంటరు ముందు నిలబడింది. ఐదడుగులకి రెండంగుళాలు తక్కువ. కౌంటరు మీద మోచెయ్యి పెట్టాలంటే భుజం ఎత్తాలి.

"అన్నా, తేలికగున్నది ఒకటి కావాలె. రమేష్‌ది మోస్తుంటే నడుం వంగుతున్నది."

తేలిక అన్న మాట వినగానే నా కళ్ళు గోడమీదికి పోయాయి. అక్కడొక త్రీ-నాట్-ఎయిట్ రైఫిలుంది. కొండలెక్కి వేటాడే ఆరడుగుల మగవాళ్ళ కోసం చేసింది. బరువు మూడు కిలోలు కూడా ఉండదు. మా ఊళ్ళో కొండలు లేవు, అందుకే అది అమ్ముడుపోలేదు.

"నీ కోసమే ఉంచినట్టుంది తల్లీ," అని దించి చేతిలో పెట్టాను. "పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఉంటుంది చూడు."

"మంచిగనే ఉన్నది. ఎంతకిస్తవ్?"

"పదమూడు వందలు."

"మనోళ్ళకి గూడ పదమూడు వందలేనా? గుంటూరోళ్ళు పైసల కాడ చుట్టాల్ని చూడరంటరు, నిజమే."

"మాది నరసరావుపేట. గుంటూరు వాళ్ళు ఇంకా తగ్గిస్తారు, వెళ్ళి అడుగు."

అలా పన్నెండు వందల యాభైకి తెగింది. వెళ్ళబోతూ అడిగింది.

"తంతదా అన్నా?"

"తుపాకన్నాక తన్నకుండా ఎట్టుంటదమ్మా? గట్టిగా పట్టుకో, అంతే."

ఈ రెండు ముక్కలూ గుర్తుంచుకోండి. నేను చేసిన తప్పంతా వాటిలోనే ఉంది.

గుండు ముందుకి పోయేటప్పుడు తుపాకి వెనక్కి వస్తుంది. దాన్ని రీకాయిల్ అంటారు. చిన్న తెప్ప మీదినుంచి గట్టుకి దూకితే తెప్ప జర్రున వెనక్కి పోతుంది. పెద్ద పడవ మీదినుంచి దూకితే అది కదిలిందో లేదో కూడా తెలియదు. తుపాకీ అంతే. తేలిక తుపాకి భుజాన్ని గట్టిగా గుద్దుతుంది, బరువు తుపాకి మెల్లిగా ఆనుతుంది. ఈ సంగతి తెలిసి కూడా చిన్న మనిషికి తేలిక తుపాకి అంటగట్టాను. బరువు చూసి ధర కట్టే ఇంట్లో పుట్టి, బరువు లేకపోవడాన్ని గొప్పగా చూపించి అమ్మినవాణ్ణి బహుశా మా వంశంలో నేనే మొదటివాణ్ణి.

నెల తిరక్కుండా తుపాకి తీసుకుని మళ్ళీ వచ్చింది. కుడి కనుబొమ్మ మీద ప్లాస్టరు, దాని కింద నెలవంకలా గాయం.

"చూసినవా అన్నా, నీ తుపాకి నాకు రెండో బొట్టు పెట్టింది."

తుపాకి మీది దుర్బిణికీ కంటికీ మధ్య కొంత ఖాళీ ఉండాలి. దాన్ని ఐ రిలీఫ్ అంటారు. చిన్న మనిషి పొడుగు తుపాకి పట్టుకుంటే, అద్దంలో బొమ్మ కనపడటం కోసం మెడ ముందుకి సాచాల్సి వస్తుంది. అప్పుడు ఆ ఖాళీ పోతుంది, దుర్బిణి అంచు వచ్చి నుదుటికి కొడుతుంది. నేను నవ్వబోయాను. తను నవ్వలేదు.

"గది కాదన్నా బాధ. మొన్న పొద్దుగూకంగ కంచె కాడికి పంది వచ్చింది. కొట్టిన. తగిలింది గని పడలే. కుంటుకుంట పొదల్లకి పోయింది. తెల్లారి దాక ఆ అరుపు నా చెవులల్లనే ఉన్నది. పొద్దుగాల పక్క పొలం డాట్ ఆంటీ వచ్చి ఎతికి, దాని పని చూసింది. నాకు రెండ్రోజులు అన్నం సయించలే."

ప్లాస్టరు అంచు వేలితో నొక్కుకుంది.

"మేకలు ఈనేటందుకు ఇంక శానా రోజుల్లేవు. నాతోని గాకపోతే అమ్మేస్తం. మళ్ళ పారమటా పోతం. రమేష్‌కి ఇంక చెప్పలే, నీకే చెప్తున్న."

ఆ మాటకి కారణం నేనమ్మిన తుపాకే. అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది. ముందు నా చెయ్యి మజిల్ బ్రేక్ ఉన్న పెట్టె మీదికే పోయింది. గొట్టం మూతికి బిగించే ముక్క అది. పేలుడు గాలిని పక్కలకి మళ్ళించి తన్ను తగ్గిస్తుంది. కాని కాల్చేవాళ్ళ చెవుల్లో చప్పుడు రెట్టింపవుతుంది. అప్పటికే భయపడుతున్న మనిషికి చప్పుడు పెంచి అమ్మడమంటే, కడుపునొప్పని వచ్చినవాడికి మిరపకాయ బజ్జీ అమ్మడమే. పెట్టె మూసేశాను. దాని బదులు మందపాటి రబ్బరు తొడుగు ఒకటి తీసి, తుపాకి మడమకి తొడిగి, "ఇది ఫ్రీ, ఊరికే తీసుకో," అన్నాను. నా నోటినుంచి ఆ మాట వినడం ఆమెకి కొత్త. అనుమానంగా చూసి తీసుకుంది. శనివారం మా ఊరి షూటింగ్ రేంజిలో కలుద్దామన్నాను.

ఆ శనివారం ముగ్గురొచ్చారు. శైలజ, చెయ్యి గుడ్డలో వేళ్ళాడేసుకుని రమేష్, థర్మాస్ ఫ్లాస్కుతో డాట్ ఆంటీ. డాట్ వాళ్ళ పక్క పొలం ఆవిడ. డెబ్భై దాటింది, మొగుడు పోయాడు, గొర్రెల్ని ఒంటిచేత్తో చూసుకుంటుంది. ఎత్తు సరిగ్గా శైలజ అంతే.

శైలజని బల్ల ముందు కూర్చోబెట్టి, ఒక్కొక్క గుండూ నేనే పెట్టి తుపాకి చేతికిచ్చాను. రెండు పేల్చింది. రెండూ గురి అట్టకి అవతల మట్టికట్టలోకి పోయాయి. మూడోసారి, తనకి చెప్పకుండా, డమ్మీ రౌండు పెట్టాను. అందులో మందు ఉండదు. చూడటానికి మాత్రం అచ్చం గుండే. ట్రిగ్గరు నొక్కితే టిక్కుమంటుంది, అంతే.

టిక్కుమంది. ఏమీ పేలలేదు. కాని శైలజ కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి, భుజం ఎగిరింది, గొట్టం ముక్కు కిందికి వాలింది. దీన్ని మా పనిలో ఫ్లించ్ అంటారు. దెబ్బ పడకముందే దెబ్బ పడ్డట్టు ఒళ్ళు ముడుచుకోవడం. పందికి గురి తప్పింది తన చేతకానితనం వల్ల కాదు, ఈ ముడుచుకోవడం వల్ల.

రమేష్ నవ్వేశాడు. "ఏం పేలకుంటనే గింత బుగులా?"

"నువ్వు బైకు మీదికెళ్ళి పడ్డప్పుడు నేన్ నవ్విన్నా?"

"నవ్వినవంట. డాట్ ఆంటీ చెప్పింది."

"అంబులెన్స్ గేటు దాటినంకనే గద నవ్విన."

డాట్‌కి తెలుగు రాదు. తన పేరు వినపడింది కాబట్టి ఫ్లాస్కు మూత తిప్పుతూ నిర్దోషిలా ఆకాశం చూసింది.

తుపాకి తీసుకుని పక్కన పెట్టాను. శైలజ చొక్కా మెడ కాస్త పక్కకి జరిపి చూపించింది. దెబ్బ భుజం గుంటలో లేదు. అవతలగా, చేతి కండ మీద నల్లగా కమిలి ఉంది. అప్పుడు వెలిగింది నాకు. తుపాకి వెనక కర్ర భాగాన్ని స్టాక్ అంటారు. ట్రిగ్గరు నుంచి ఆ స్టాక్ చివరి దాకా ఉండే పొడవు లెంగ్త్ ఆఫ్ పుల్. అది అసలే ఆరడుగుల వాడికి చేసింది. దాని మీద నేను ఊరికే ఇచ్చిన రబ్బరు తొడుగు ఇంకో బొటనవేలు వెడల్పు పెంచింది. చెయ్యి చాలక తను దాన్ని భుజం మీదినుంచి పక్కకి జార్చుకుని పట్టుకుంటోంది. నొప్పికి మందిచ్చాననుకుని నొప్పినే పొడిగించాను. ఊరికే వచ్చింది ఒంటికి పట్టదని మా నాయనమ్మ అనేది.

"అన్నా, ఒక మాట అంటే కోపం చెయ్యవు గద," అంది శైలజ టీ కప్పు అందుకుంటూ.

"అనమ్మా. నాకు కోపం వచ్చే అర్హత లేదు ఇయ్యాళ."

"జాకెట్ కుట్టమంటే టైలర్ ముందుగాల ఏమడుగుతడు?"

"ఆది అడుగుతాడు."

"మేం కొలత జాకెట్ అంటం. ఏదైతేంది. నాకు పట్టేది ఒకటి తెమ్మంటడు గద, దాన్ని చూసి కొత్తది కోస్తడు. నువ్వేమో నా కొలత అడగలే, ఆది అడగలే. షాపుల ఏలాడే రెడీమేడ్ తీసి తొడిగినవ్. ఇప్పుడు దానికి లేసు గుచ్చి, ఇంక మంచిగుంటది అంటున్నవ్."

మా నాన్న కొట్టు ఎదురుగా పదిహేనేళ్ళు ఒక టైలరు కొట్టుండేది. ఆడవాళ్ళు ఆది జాకెట్టు పేపర్లో చుట్టి తెచ్చి, అరుగు మీదినుంచే ఇచ్చి పోయేవాళ్ళు. అది చూస్తూ పెరిగినవాణ్ణి. ఇటు మా నాన్నేమో చెంబు కొనడానికి ఎవరొచ్చినా ముందు చెంబు చేతికిచ్చి, "పట్టు చూసుకోమ్మా," అనేవాడు. ధర ఆ తరవాతే. బజారుకి రెండు వైపులా పాఠం చెప్పేవాళ్ళున్నా, నేను మాత్రం నడి బజారులో నిలబడి ధరలు నేర్చుకున్నాను.

"సరే తల్లీ. మరి నీకు సరిగ్గా పట్టే తుపాకి ఏదన్నా ఉందా, ఆదిగా?"

"ఉన్నది. డాట్ ఆంటీది."

డాట్ కారులో తాళం వేసిన పెట్టెలో ఒక పాత ట్వంటీ-టూ ఉంది. కుందేళ్ళకి వాడే చిన్న రైఫిలు. శైలజ అంతకుముందు దాంతో కంచె స్తంభాల మీద డబ్బాలు కొట్టిందట, ఒక్కటి కూడా తప్పలేదట. ట్వంటీ-టూ కి తన్నే ఉండదు గనక ఎవరైనా కొడతారులే అని నేను మనసులో కొట్టిపారేయబోయాను. చేతికి తీసుకున్నాక ఆగిపోయాను. స్టాక్ చివర సాపుగా లేదు. చేతి రంపంతో కోసి, గరుకు కాగితంతో రుద్దిన గుర్తులు.

"నాకు పన్నెండేళ్ళప్పుడు మా నాన్న వంటింటి బల్ల మీద పెట్టి కోశాడు, కోటీ," అంది డాట్ ఇంగ్లీషులో. నా పేరు కోటేశ్వరరావు. ఈ ఊరికి కోటీ. "మళ్ళీ నేను పెరగలేదు. అదీ పెరగలేదు. మా అమ్మ మాత్రం ఆ బల్ల మీది రంపం గాటు గురించి చనిపోయేదాకా మాట్లాడింది."

అక్కడికక్కడే టేపు తీశాను. ట్రిగ్గరు నుంచి చివరి దాకా ముప్పై ఒక్క సెంటీమీటర్లు. నేనమ్మిన దానికీ దీనికీ రెండు వేళ్ళకి పైనే తేడా, తొడుగు లెక్కలోకి తీసుకోకుండానే.

"అన్నా, గీ టేపు పెట్టుడు ఉత్త టీ షర్ట్ మీద పెట్టొద్దు," అంది శైలజ. "పందులొచ్చేది తెల్లారగట్ల. అప్పుడు నా ఒంటి మీద గింత లావు కోటుంటది. జాకెట్ మీద స్వెటర్ ఏసుకుంటె చేతులు ఎట్ల బిగుసుకుంటయో ఎర్కనే గద."

కోటు వేసుకోమని, డాట్ తుపాకి ఖాళీగా భుజానికి ఆన్పించి, కోటు మందం తీసేస్తే ఎంతో మళ్ళీ కొలిచి రాసుకున్నాను.

కొట్టు వెనక గదిలో ఒక టూ-ఫార్టీ-త్రీ ఉంది. దాని గుండు చిన్నది, మందు తక్కువ. కాబట్టి తన్నూ తక్కువే. అలాగని పందికి తక్కువేం కాదు, సరైన గుండు ఎంచుకుని సరైన చోట కొడితే. ఒక పెద్ద రైతు పోయాక వాళ్ళవాళ్ళ దగ్గర కొన్నాను. వాల్‌నట్ కర్ర, తేనెరంగు మీద పొగ పాకినట్టు చారలు. అమ్మకానికి బయట పెట్టలేదు, నేనే ఉంచుకుందామనుకున్నాను. చేతికిస్తే శైలజ మొహం ముడిచింది.

"బరువున్నది గదన్నా."

"ఆ బరువే నీకు అడ్డం నిలబడేది. కొండలెక్కుతావా ఏంది దీంతో? ఇంటినుంచి కంచె దాకా, అదీ బండిలో. కాల్చేటప్పుడు కర్ర మీద ఆన్చుతావు. ఈసారి నేను అమ్మడానికి చెప్పట్లేదు."

"ఎప్పుడన్నా గట్ల చెప్పినవా?"

"లేదు. అందుకే మాట తడబడతంది, చూడు."

అనుమతి కాగితం వచ్చేలోపు రెండు పనులు సాగాయి. ఆమె ఆదివారాలు డాట్ దగ్గరుండగా ఆ ట్వంటీ-టూ తో డబ్బాలు కొట్టింది. తన్ను లేని తుపాకితో మళ్ళీ మొదలుపెట్టి, కళ్ళు తెరిచి ఉంచడం ఒంటికి నేర్పించడం. ఇక్కడ నేను వాల్‌నట్ స్టాక్ కొయ్యాలి.

కర్ర పని తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. అలాంటి కర్రని కొయ్యడమంటే చెయ్యి ఆడదు. పైగా కోసిన స్టాక్‌కి మళ్ళీ మామూలు మనిషి గిరాకీ రాడు, ధర సగానికి పడిపోతుంది. గీత గీసి, చుట్టూ టేపు అంటించి, రంపం పెట్టి కూడా ఆగిపోయి ఫోన్ చేశాను.

"ఇంకోసారి ఆలోచించు శైలజా. కోశానంటే రేపు దీన్ని అమ్మాలంటే ఎవడూ కొనడు."

"నేనేమన్న అమ్ముదామని కొంటున్ననా?"

ఫోన్ పెట్టేసి కోశాను. గుడ్డకైతే టైలరు లోపల మడత వదులుతాడు, తరవాత విప్పుకోవచ్చు. కర్రకి ఆ వెసులుబాటు లేదు. అందుకని ముందు కావలసినదానికన్నా కొంచెం తక్కువ కోసి, ఆమెని పిలిచి, కోటుతో ఆన్చి చూసి, మళ్ళీ ఒక పలక తీశాను. చివరికి మెత్తటి రీకాయిల్ ప్యాడ్ బిగించాను. ఈసారి ప్యాడ్ మందం కూడా ఆ రాసుకున్న కొలతలోనే, పైన కాదు. దుర్బిణిని ముందుకి జరిపి, కంటికి కావలసినంత ఖాళీ వదిలాను. పాత కనుబొమ్మ గాయం అప్పటికి గీతలా మిగిలింది.

కాగితం వచ్చిన వారం మళ్ళీ అందరం రేంజికి వెళ్ళాం. ఈసారి బల్ల ముందు కూర్చోబెట్టలేదు. బల్లకి ఆనుకుని కూర్చుంటే ఒళ్ళు వెనక్కి ఊగడానికి వీలుండదు, దెబ్బంతా భుజమే మింగాలి. నిలబడి, ముక్కాలి కర్ర మీద తుపాకి ఆన్చితే ఒళ్ళు దాంతో పాటు కదిలిపోతుంది. చెవుల్లో బిరడాలు, వాటి మీద మఫ్‌లు. మూడంటే మూడే గుళ్ళు, తరవాత టీ అని ముందే చెప్పాను. అలిసిన ఒళ్ళు తొందరగా ముడుచుకుంటుంది.

చేతికి తీసుకుని ఆగింది. "గిది గూడ తంతదా అన్నా?"

నోటి చివరిదాకా వచ్చిన పాత జవాబు మింగేశాను. ఆ మాట నేనే కదా మొదట ఆమె ఒంట్లో పెట్టింది. తంతుంది అని చెప్పి పంపిస్తే, తన్నకముందే ఎవరైనా ముడుచుకుంటారు. అట్ట వైపు చెయ్యి చూపించాను. రమేష్ కూడా ఈసారి నవ్వలేదు. ఆడే చేత్తో డాట్ ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాడు.

పేలింది. ఆమె ఒళ్ళు కొంచెం వెనక్కి ఊగి మళ్ళీ నిలబడింది. కాసేపు కదల్లేదు. నేను దగ్గరికి పోయి, తుపాకి ఖాళీ అయిందో లేదో చూసుకుని, ఏమైందని సైగ చేశాను. మఫ్ ఒకటి ఎత్తింది.

"తన్నుడు కాదన్నా. నూకుడు."

"ఏంది?"

"నూకుడు. మా జనగామ బస్టాండ్ల బస్సెక్కేటప్పుడు ఎనక ఉన్నోళ్ళు నూకుతరు చూడు, గట్ల. నూకితే ఏమైతది, ఎక్కుతం. తంతే గద పడిపోయేది."

మావైపు తొయ్యడమంటాం, వాళ్ళు నూకుడంటారు. ఇన్నేళ్ళ నా పనిలో రీకాయిల్‌కి ఇంతకన్నా మంచి మాట నేను వినలేదు. రెండోసారి తనకి తెలియకుండా డమ్మీ రౌండు పెట్టాను. టిక్కుమంది. గొట్టం ముక్కు అట్ట మీదినుంచి గింజంత కూడా కదల్లేదు. నా వైపు తిరిగి, "మళ్ళ మోసం చేసినవ్," అంది.

రమేష్ డాట్‌కి ఇంగ్లీషులో చెప్పాడు: "మా ఆవిడకి ఇంక ఎవర్ని చూసీ భయం లేదు. నన్ను చూసైతే ముందునుంచీ లేదు."

ఆగస్టులో ఒక ఉదయం, కొట్టు ఇంకా తెరవలేదు, ఫోన్ మోగింది. శైలజ. వెనకాల మేకపిల్లల అరుపులు, పొద్దున్నే పాలకోసం ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నట్టు.

"అన్నా, పడ్డది."

"ఎన్ని గుళ్ళు?"

"ఒక్కటే. ఉన్న కాడనే పడ్డది. ఇంక అరవలే. నేను చూసిన అన్నా. కళ్ళు తెరిచే ఉన్న."

"మరి పారమటా?"

"ఎవలు పోతరు పారమటా? ఇక్కడ ఇంక రెండు మేకలు ఈనేటియున్నయ్. ఫోన్ పెట్టేస్తున్న."

ఆ తరవాత నా కొట్లో రెండు పద్ధతులు మారాయి. ఒకటి, కొత్తవాళ్ళెవరైనా తంతదా అని అడిగితే, ఇంగ్లీషులో అడిగినా తెలుగులో అడిగినా, నూకుతుంది అంటాను. బస్టాండు కథ చెబుతాను. ఇక్కడి రైతులకి బస్టాండు తెలియదు గనక వాళ్ళకి గొర్రెల దొడ్డి గేటు దగ్గర తోపులాట అని చెబుతాను. రెండు, ధర చెప్పేముందు ఖాళీ తుపాకి చేతికిచ్చి, కళ్ళు మూసుకుని భుజానికి ఆన్చమంటాను. తరవాత కళ్ళు తెరవమంటాను. మెడ సాచకుండా, తల వంచకుండా దుర్బిణిలో బొమ్మ నిండుగా కనపడితే అది ఆ మనిషి తుపాకి. కనపడకపోతే అది ఎంత చవకగా ఇచ్చినా ఖరీదే. పట్టు చూసుకోమ్మా అని మా నాన్న అన్నది ఇదే. సముద్రం దాటొచ్చి, ఒక జనగామ ఆడకూతురి కనుబొమ్మ పగలగొట్టి నేర్చుకున్నాను.

ఇక లెక్క. మొగుడి చెయ్యి బాగయ్యాక ఇద్దరూ కలిసి వచ్చి తెంపుకుందామన్నారు. పాత త్రీ-నాట్-ఎయిట్‌ని అమ్మిన ధరకే వెనక్కి తీసుకున్నాను, పన్నెండు వందల యాభై. టూ-ఫార్టీ-త్రీ తొమ్మిది వందల ఎనభై. ప్యాడ్ డెబ్భై. కూలి ఏమీ రాయలేదు.

"కూలేదన్నా?" అంది.

"వద్దులే."

"వద్దంటే ఎట్ల? వంద రాయి."

"పాతిక రాస్తా."

"ఎనభై."

"ముప్పై, ఇంక ఎక్కను."

కొనేవాళ్ళు పెంచుతుంటే అమ్మేవాడు తగ్గించే బేరం మా ఇంటా వంటా లేదు. ఎటువైపు లాగాలో తెలియక చెమట పట్టింది. యాభై దగ్గర తెగింది. అంతలో సంచిలోంచి ఫార్మసీ రసీదు తీసి కౌంటరు మీద పెట్టింది. ప్లాస్టరు, ఆరు డాలర్లు. రాసుకున్నాను. మొత్తం మీద ఆమెకి నేనే నూట యాభై ఆరు ఇచ్చి పంపాను.

నా వైపు లెక్క ఇది. త్రీ-నాట్-ఎయిట్‌ని తరవాత కొండలున్న ఊరినుంచి వచ్చిన ఒక ఆరడుగుల మనిషికి తొమ్మిది వందలకి ఇచ్చాను. దానిమీద పోయింది మూడు వందల యాభై. రబ్బరు తొడుగు ముప్పై. ప్లాస్టరు ఆరు. వచ్చింది: వాల్‌నట్ తుపాకి మీద నూట ఎనభై, ప్యాడ్ మీద పాతిక, కూలి యాభై. కోసిన కర్ర ముక్క కౌంటరు మీదే ఉంది, దానికి వెల కట్టలేదు. నికరంగా నష్టం నూట ముప్పై ఒక్క డాలర్లు. ఇందులో బేరం లేదు.